పన్నెండు వరుసల్లో ఇరవై రెండు

మే మొదటి వారంలో ఆ అమ్మాయి కోరుట్లలోని మా ఇంటికి రెండు సంచులతో వచ్చింది. ఒకదానిలో ఆమె పీహెచ్‌డీ గ్రంథం చిత్తుప్రతి. రెండోదానిలో ప్రయోగం జరిగినప్పటి లాగ్‌బుక్కుల జిరాక్సు కట్టలు నాలుగు. జూన్ నెలాఖరుకు ఆమె రిజిస్ట్రేషన్ గడువు ముగుస్తుంది. ఆలోగా గ్రంథం పంపకపోతే ఆరేళ్ల చదువు లెక్కలోకి రాదు. గడువు అప్పటికే ఒకసారి పెంచారు. రెండోసారి పెంచేది లేదని ముందే చెప్పారు.

"పట్టికలల్ల ఉన్న నంబర్లు లాగ్‌బుక్కుతోని సరిపోయినయా లేదా సూడాలె సార్. మా దగ్గర అందరు కంప్యూటర్ మీదనే సూస్తరు. కాయితం మీద ఒక్కొక్కటి సూసెటోళ్లు మీరే" అన్నది.

"ఆయనకు ఇంకేం పని బిడ్డా. పొద్దుగాల లేస్తే ఎవలి తప్పు దొరుకుతదా అనే ఉంటది" అన్నది నా భార్య, మంచినీళ్ల గ్లాసు ఇస్తూ.

నేను జగిత్యాలలోని ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఈ అమ్మాయి నా చివరి బ్యాచ్‌లలో ఒకదానిలో చదివింది. సొంతూరు సిరిసిల్ల. తండ్రి సాంచాల మీద, అంటే పవర్‌లూమ్ మగ్గాల మీద, పనిచేసేవాడు. తల్లి బీడీలు చుడుతుంది. జగిత్యాలలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంది. మొదటి బెంచీలో కూర్చునేది కాదు, చివరి బెంచీలోనూ కాదు. మూడో వరుసలో గోడ పక్కన కూర్చుని, నేను బోర్డు మీద చేసిన తప్పు లెక్కను క్లాసు అయిపోయాక వచ్చి చెప్పేది.

ఆమె పరిశోధన చేస్తున్న అంశం నాకు కొత్త. నేను చదువుకున్న రోజుల్లో న్యూక్లియర్ ఫిజిక్స్ అంటే ఒక పేపరు మాత్రమే. రెండు మూడు రోజులు మా ఇంట్లోనే ఉండి ఆమె నాకు పాఠం చెప్పింది. నాకు అర్థమైనంత ఇక్కడ రాస్తాను.

నీళ్లను వేడి చేస్తే ఉష్ణోగ్రత పెరుగుతుంది. మరగడం మొదలయ్యాక ఎంత మంట పెట్టినా థర్మామీటరు కదలదు. ఆ వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. గుప్తోష్ణం అని ముప్పై ఏళ్లు చెప్పిన సంగతే ఇది. పరమాణువు నడుమ ఉండే కేంద్రకం కూడా ఒక ద్రవపు బొట్టు లాంటిదేనట. ప్రోటాన్లు, న్యూట్రాన్లు అందులో నీటి అణువుల్లా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. మరి ఆ బొట్టును మరిగించవచ్చా? దాని కింద పొయ్యి పెట్టలేం. అందుకని ఒక బరువైన కేంద్రకాన్ని పెద్ద యంత్రంలో వేగంగా పరుగెత్తించి, ఇంకో బరువైన కేంద్రకానికి గుద్దిస్తారు. గుద్దుకున్న చోట కొన్ని వేల కోట్ల డిగ్రీల వేడి పుడుతుంది. అది ఉండే సమయాన్ని రెప్పపాటుతో పోల్చడానికి కూడా వీల్లేదు. ఆ వేడికి కేంద్రకం ఉబ్బి, తుంపరలు తుంపరలుగా చీలిపోతుంది. చిన్న తుంపరలు, పెద్ద తుంపరలు, విడి న్యూట్రాన్లు అన్నీ కలిసి వస్తాయి. ఇంకా పెద్ద యంత్రాల్లో ఇంకా గట్టిగా గుద్దిస్తే ప్రోటాన్లే కరిగిపోతాయట. అది వేరే మార్పు. ఈమెది దానికి కింది మెట్టు.

అక్కడ థర్మామీటరు పెట్టడం కుదరదు. బయటికి ఎగిరొచ్చిన ముక్కల శక్తిని కొలిచి, లోపల ఎంత వేడి ఉండిందో వెనక్కి లెక్క కట్టాలి. ముక్కలు తగిలినప్పుడు మెరిసే స్ఫటికాలను చుట్టూ అమర్చుతారు. ఆ మెరుపు ఎంత అన్నదే కొలత. గుద్దుడు బలం పెంచుతూ పోతే మొదట ఉష్ణోగ్రత పెరగాలి. తర్వాత ఒకచోట గీత చదునుగా సాగాలి. ఆ చదును కనబడితే కేంద్రకం మరిగిందని అర్థం. వేరే దేశాల్లో ఇలాంటి గీతలు ఇదివరకే గీశారు, వాటి మీద వాదాలూ ఉన్నాయి. ఈమె తీసుకున్న కేంద్రకాల జంటలో మాత్రం అంతకుముందు ఎవరూ చూడలేదు. గ్రంథంలోని ఐదో అధ్యాయం మొత్తం ఆ చదును గురించే.

"చదును వచ్చిందా?" అని అడిగాను.

గ్రాఫు తీసి టేబుల్ మీద పెట్టింది. ఎడమ నుంచి ఏటవాలుగా ఎక్కిన చుక్కలు, కుడివైపు చివర ఐదు చుక్కలు మాత్రం ఒకే ఎత్తులో నిలబడ్డాయి. ఆమె వేలితో ఆ ఐదు చుక్కల కిందుగా ఒకసారి గీసి చెయ్యి తీసేసింది.

లాగ్‌బుక్కు అంటే యంత్రం నడుస్తున్నంతసేపూ డ్యూటీలో ఉన్నవాళ్లు అరగంటకోసారి చేత్తో నింపే పుస్తకం. అందులో చివరి గడి హాలు ఉష్ణోగ్రత. దానికి అంత పట్టింపు ఎందుకని అడిగితే, హాలు వేడెక్కితే స్ఫటికం మెరుపు, దాన్ని పట్టే పరికరం రెండూ తక్కువ చూపిస్తాయని చెప్పింది. అప్పుడు ముక్కల శక్తి తక్కువగా, లోపలి వేడి కూడా తక్కువగా కనిపిస్తుంది. అందుకే హాలును ఎప్పుడూ ఇరవై రెండు డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఆ థర్మామీటరును కంప్యూటర్‌కు కలపలేదు. గోడకు తగిలించి ఉంటుంది, చూసి రాయాలి.

ఆమె సిరిసిల్లకు వెళ్లాక నేను పని మొదలుపెట్టాను. రోజుకు ఉదయం మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు. ఎడమవైపు పట్టిక, కుడివైపు లాగ్‌బుక్కు, మధ్యలో స్కేలు. సరిపోయిన నంబరు పక్కన పెన్సిల్‌తో చుక్క. మొదటి రెండు కట్టల్లో రెండే రెండు తప్పులు దొరికాయి. రెండూ అచ్చు తప్పులే.

మూడో కట్టలో నా స్కేలు ఆగింది. ఒక మధ్యాహ్నపు డ్యూటీ. రెండు గంటల నుంచి ఎనిమిది గంటల దాకా పన్నెండు వరుసలు. హాలు ఉష్ణోగ్రత గడిలో పన్నెండుసార్లు 22.0 అని ఉంది.

మిగతా పేజీల్లో ఎక్కడ చూసినా 21.8, 22.1, 22.0, 21.9. నిజంగా చూసి రాసిన కొలతలకు ఒక నడక ఉంటుంది. చిన్నగా తడబడతాయి. ఒకచోట కొట్టివేత ఉంటుంది, ఒకచోట సిరా మారుతుంది. ఈ పన్నెండు వరుసల్లో సిరా ఒకటే, అక్షరాల వాలు ఒకటే, ఒక్క కొట్టివేత లేదు. ముప్పై ఏళ్లు ప్రాక్టికల్ రికార్డులు దిద్దినవాడికి అది వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. కూర్చున్న చోట ఒక్కసారే రాసిన పేజీ అది. కింద సంతకం ఆ అమ్మాయిది.

పేజీ తిప్పాను. తర్వాతి డ్యూటీ వాళ్ల మొదటి వరుస, వేరే చేతిరాత: హాలు ఉష్ణోగ్రత 31. పక్కన ఒక మాట: ఏసీ ఆగి ఉంది, కబురు చేశాం.

గ్రంథం తీసి ఐదో అధ్యాయం పట్టిక చూశాను. అన్నింటికంటే బలంగా గుద్దించిన విడతలు, వాళ్ల మాటలో రన్నులు, అన్నీ ఆ ఒక్క డ్యూటీలోనివి. కుడివైపు ఐదు చుక్కలూ అవే.

ఏం జరిగి ఉంటుందో కాగితం మీద వేసుకున్నాను. ఏసీ ఎనిమిదికి కాస్త ముందు ఆగి ఉంటే చదును నిజం. మధ్యాహ్నమే ఆగి ఉంటే స్ఫటికాలు ఆ డ్యూటీ అంతా తక్కువ చూపించాయి, చుక్కలు పైకి ఎక్కాల్సింది ఎక్కలేదు, చదును హాలు వేడి వల్ల వచ్చింది. రెండింటిలో ఏది జరిగిందో చెప్పగలిగినవి ఆ పన్నెండు గడులే.

ఆ రోజు డైరీలో ఇలా రాశాను: "మూడో కట్ట పూర్తి. పట్టికలు సరిపోయాయి." పద్దెనిమిదో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. వాతావరణం, చేసిన పని, వచ్చినవాళ్లు, పోయినవాళ్లు. కొన్ని సంగతులు రాయకుండా వదిలేసిన రోజులున్నాయి. జరగనిది జరిగినట్టు తెలిసి రాయడం మాత్రం అదే మొదటిసారి అనుకున్నాను. అలా అనుకోవడం కూడా తప్పేనని తర్వాత తెలిసింది.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పకుండా ఉన్నాను. నాలుగో కట్ట చూశాను, అందులో ఏమీ లేదు. ఐదో రోజు నా భార్య అడిగింది.

"ఏందయ్యా, అన్నం ముంగట పెట్టుకొని గోడ సూస్తున్నవు? ఆ పొల్ల కాయితాలల్ల ఏమన్న దొరికిందా?"

చెప్పాను.

"నువ్వు సూడకపోతే ఎవలకన్న తెలుస్తుండెనా?"

"తెలియకపోతుండె."

"మరి నీ దగ్గరికి ఎందుకు తెచ్చుకున్నదో ఏమో" అని కంచం తీసుకుని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున రుద్రంగి మీదుగా పోయే బస్సెక్కాను. ఎండలకు కిటికీ ఇనుము ముట్టుకుంటే కాలుతోంది. దారంతా ఎలా మొదలుపెట్టాలో వాక్యాలు కట్టుకున్నాను. సిరిసిల్లలో దిగేసరికి ఒక్కటీ గుర్తులేదు.

వాళ్లది రెండు గదుల రేకుల ఇల్లు. ముందు గదిలో తండ్రి మంచం, పక్కన గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం. నాలుగేళ్ల కింద సాంచాల దగ్గర పడిపోయాడు. దూది దుమ్ము ఊపిరితిత్తులను తినేసింది. అప్పటినుంచి పనిలేదు. ముక్కుకు ట్యూబు ఉన్నా నన్ను చూసి లేచి కూర్చున్నాడు.

"రాండ్రి సార్. మా డాక్టరమ్మ పుస్తకం అయిపోయిందా? గల్లీల అందరు అడుగుతున్నరు. మందు రాయని డాక్టరేంది అని పరాచికాలు. వాళ్లకేం తెలుసు అని నేనంటున్న."

"నీకేం తెలుసు?" అన్నది తల్లి, చేటలో తునికాకు కత్తిరిస్తూ.

"బరువైన రెండు ఒకదాన్నొకటి గుద్దుకుంటయి, ఉడుకుతయి. అంతే గద బిడ్డా?"

"అంతే బాపు" అన్నది అమ్మాయి.

బయట గద్దె మీద కూర్చున్నాం. పక్క షెడ్డులో సాంచాలు ఆడుతున్నాయి. దగ్గరగా జరిగితే తప్ప మాట వినబడదు. జిరాక్సు పేజీ తీసి మోకాలి మీద పెట్టాను.

"ఈ పన్నెండు వరుసలు ఎవరు రాసిన్రు?"

పేజీ చూసింది. ఏ పేజీయో వెంటనే తెలిసిపోయినట్టుంది.

"నేనే సార్."

"చూసి రాసినవా?"

తల వంచుకుని చెప్పింది. ఆ రోజు డ్యూటీ మొదలైన కాసేపటికి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. బాపు సాంచె పక్కన పడ్డాడు, నోట్లోంచి రక్తం వచ్చింది, కరీంనగర్ తీసుకుపోతున్నాం అని. హాలులో సిగ్నల్ ఉండదు. బయట వరండాలో నిలబడింది. దవాఖానలో చేర్చుకునేదాకా, డాక్టర్ వచ్చేదాకా అక్కడే ఉంది. మధ్యమధ్య పక్క గదిలోకి వెళ్లి కంప్యూటర్ మీద లెక్క పడుతోందా లేదా చూసి వచ్చేది. లెక్క పడుతూనే ఉంది. ఎనిమిది కావస్తుండగా లోపలికొచ్చి, ఖాళీగా ఉన్న గడులన్నీ నింపి, సంతకం పెట్టి, స్టేషన్‌కు పోయి రైలెక్కింది.

"వేడిగ అనిపించలేదా హాల్ల?"

"నాకేం అనిపించలే సార్. బాపు ఉంటడా పోతడా అనే ఉండె."

"ఆ తర్వాతి పేజీ చూడలేదా?"

"నేను మళ్ల పోయేటాళ్లకు రన్నులు అయిపోయినయి. ఆ ఫైలుకు ఇరవై రెండు అని ఎక్కిచ్చిన. తర్వాత దానిమీదనే నాలుగేండ్లు పనిజేసిన." ఆగింది. "ఇరవై రెండే గద ఎప్పుడు ఉండేది. ఒక్కటే నంబరు ఉండే కాడ అదే రాస్తే తప్పు పోదనుకున్న. మీరు చెప్పిన్రు గద సార్."

నేను ఆమె ముఖం చూశాను. ఎత్తిపొడుపు ఏమీ లేదు. జరిగింది చెప్పినట్టే చెప్పింది.

"నేనా?"

"సెకండియర్ల. మరిగే నీళ్ల ప్రాక్టికల్. థర్మామీటర్లు రెండు పలిగినయి, ఒక్కటే ఉన్నది, అది గూడ సరిగ లేదు. బయటి ఎగ్జామినర్ అచ్చే ముందురోజు. మీరు బల్ల మీద నిలబడి అందరికి రీడింగులు చెప్పిన్రు. మరిగే కాడ తొంభై తొమ్మిది, తొంభై తొమ్మిది అని పదిసార్లు రాయుండ్రి, అక్కడ మారదు అన్నరు."

గుర్తుంది. ఆ రోజుల్లో మేమందరం అదే చేసేవాళ్లం. స్పిరిట్ ఉండేది కాదు, కరెంటు ఉండేది కాదు. ముప్పై మంది పిల్లలు, రికార్డు నిండకపోతే మార్కులు పోతాయి. లెక్చరర్ బల్ల పక్కన నిలబడి రీడింగులు చదివితే పిల్లలు రాసుకునేవారు. జగిత్యాలలోనే కాదు, నాకు తెలిసిన ప్రతి కాలేజీలో అదే పద్ధతి. దాన్ని అబద్ధం అని ఎవరూ అనుకోలేదు. పిల్లలకు మేలు చేస్తున్నాం అనుకున్నాం.

అప్పుడు నేను అన్న మాట ఇక్కడ రాయక తప్పదు.

"ఉండనీ బిడ్డా" అన్నాను. "ఏసీ చివరికే ఆగిందేమో. ఆ చదును నిజమే అయి ఉండొచ్చు. ఇంకో నెల లేదు గడువు. పంపియ్. ఎవరు చూస్తరు?"

"మీరు సూసిన్రు గద సార్" అన్నది.

ఆ పేజీ మడిచి తీసుకుంది. లోపలికి పోయి లాప్‌టాప్ తెచ్చి, నా పక్కనే కూర్చుని గైడుకు ఉత్తరం రాసింది. పదిహేను వాక్యాలు లేవు. ఏ తేదీ, ఏ డ్యూటీ, ఏ రన్నులు, ఏ గడులు. చూడకుండా రాశాను అన్న వాక్యం మధ్యలో ఉంది, మొదటా కాదు, చివరా కాదు. కారణం రాయలేదు.

"మీ బాపు సంగతి రాయి. వాళ్లు అర్థం చేసుకుంటరు" అన్నాను.

"అది ఆ హాలు వేడికి సంబంధం లేదు సార్" అని పంపేసింది.

ఇంటికొచ్చి బీరువాలోంచి ఆ ప్రాక్టికల్ జరిగిన సంవత్సరం డైరీ తీశాను. తేదీ వెతకడానికి అరగంట పట్టింది. నా చేతిరాతతో ఇలా ఉంది: "బి.ఎస్సీ. రెండో సంవత్సరం ప్రాక్టికల్స్ సక్రమంగా జరిగాయి. ఎండ." ముందు సంవత్సరం అదే వారం తీశాను. అదే వాక్యం. దానికి ముందు సంవత్సరం కూడా. అరల్లో ఉన్న డైరీలన్నింటినీ చూస్తూ కూర్చున్నాను కానీ ఇంకొకటి తీయలేదు. మే నెల పేజీలో "పట్టికలు సరిపోయాయి" అన్నదాన్ని కొట్టేయలేదు. కింద, సరిపోలేదని, ఎక్కడ సరిపోలేదో, ఎప్పుడు తెలిసిందో రాశాను.

గైడు జవాబు పది రోజులకు వచ్చింది. మనిషి మంచివాడే. నిజం చెప్పినందుకు మెచ్చుకున్నాడు. ఏసీ ఎప్పుడు ఆగిందో అక్కడి మరమ్మతు పుస్తకంలో వెతికించాడు. బాగుచేసిన సమయం ఉంది, ఆగిన సమయం లేదు. ఆ రన్నులు మళ్లీ చేయాలంటే యంత్రం ఒక ఏడాది దాకా దొరకదు. ఐదో అధ్యాయం తీసేస్తే మిగిలింది పీహెచ్‌డీకి చాలదని కమిటీ అన్నది. గడువు పెంచమని ఆయనే అడిగాడు, ఒప్పుకోలేదు.

ఆ కేంద్రకం మరిగిందో లేదో ఇప్పటికీ తెలియదు. మరిగే ఉండొచ్చు. నన్ను ఎక్కువ బాధ పెట్టేది అదే.

తండ్రికి చెప్పేటప్పుడు నన్ను ఉండమని ఫోన్ చేసింది. జూన్ చివరి వారంలో మళ్లీ సిరిసిల్ల పోయాను. ఒక వాన పడి గల్లీ అంతా బురదగా ఉంది. తండ్రి ముందుకంటే చిక్కిపోయాడు. ఆమె మంచం పట్టె మీద కూర్చుంది. నేను కుర్చీలో కూర్చున్నాను. తల్లి గోడకానుకుని బీడీలు చుడుతోంది.

"పంపినవా బిడ్డా?" అని ఆయనే అడిగాడు.

"పంపలే బాపు. ఇగ పంప."

"ఎందుకు?"

"ఒక్క కాడ సూడకుంట రాసిన. అది తీసేస్తే మిగిలింది సాల్తలేదు."

ఆయన ఊపిరి తీసుకునేదాకా ఆగాడు. "పోగు తెగింది సూసుకోలేదన్నట్టు."

"ఆఁ."

"పోగు తెగినా సాంచె ఆగది. సప్పుడు గట్లనే ఉంటది. బట్ట ఇప్పి సూస్తెనే తెలుస్తది." మళ్లీ ఆగాడు. "ఎంత పోయింది?"

"నాలుగేండ్లది."

ఆయన కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నట్టు.

"నాలుగేండ్ల కింద అంటే, నేను పడ్డప్పుడా?"

అమ్మాయి నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"నీకు అప్పుడు ఫోన్ ఎవలు చేసిన్రు?" అన్నాడు. గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. "బిడ్డ పని మీద ఉన్నదని తెల్వదా ఎవలకు?"

తల్లి చేతులు ఆగాయి. సగం చుట్టిన ఆకు వేళ్ల మధ్య అలాగే ఉంది.

"నేనే చేసిన" అన్నది. "నువ్వు సచ్చిపోతున్నవనుకున్న."

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి తల్లి ఆ ఆకు విప్పి, పొగాకు సరిచేసి, మళ్లీ చుట్టింది. అమ్మాయి లేచి ఆక్సిజన్ యంత్రం దగ్గర వంగి, దాని సీసాలో నీళ్లు తగ్గాయని చూసి, గీత దాకా పోసింది.